మూడు గంటల లోపు ఆలస్యం

రైలు మూడు గంటలు దాటి ఆలస్యమైతే, ఆ కారణంగా మనం రైలు ఎక్కకుండా ఉంటే, టికెట్ డబ్బు మొత్తం తిరిగి ఇస్తారు. నెలవారీ పాస్ ఉన్నవాళ్లకు ఈ సౌకర్యం లేదు. ఈ రెండు వాక్యాలు నాకు కంఠతా వచ్చు. మొదట్లో మూడు గంటలన్న మాటే అన్యాయం అనుకునేవాణ్ణి. తర్వాత పాసుల వాళ్లను పక్కన పెట్టడం అన్యాయం అనుకున్నాను. రెండింటి మీదా కాగితాలు రాశాను. ఇప్పుడు ఆ కాగితాల గురించి కాదు, వాటి కోసం నేను రాసుకున్న పుస్తకం వల్ల ఒక మనిషికి ఏం జరిగిందో చెప్పాలి.

నాది ప్రింటింగ్ ప్రెస్‌లో కాగితం లెక్క చూసే పని. ఒక రీములో ఎన్ని కరపత్రాలు తెగుతాయి, కోతలో ఎంత పోతుంది, పెళ్లి కార్డుకు ఏ సైజు తీసుకుంటే ముక్కలు తక్కువ మిగులుతాయి అన్నది నేను చెప్పాలి. పదో తరగతితో చదువు ఆగింది. లెక్కలు బడిలో కన్నా కటింగ్ మెషిన్ దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను. ఇల్లు సైదాబాద్‌లో, ప్రెస్ బేగంపేటలో. మలక్‌పేట స్టేషన్‌కు నడిచి వెళ్లి, ఆరు యాభైకి రావలసిన లోకల్ ఎక్కుతాను. పద్నాలుగేళ్ల నుంచి అదే రైలు, అదే మూడో డబ్బా.

ఆ డబ్బాలో మేము రోజువారీ వాళ్లం పదిమందికి పైగా ఉంటాం. పేర్లు కొందరివే తెలుసు. ఎక్కే చోటును బట్టో చేసే పనిని బట్టో పిలుచుకుంటాం. యాకుత్‌పురాలో ఎక్కే దర్జీ మాస్టర్ నాకోసం కిటికీ పక్కన తన టిఫిన్ సంచి పెట్టి ఉంచుతాడు. నేను కూర్చోగానే జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, రైలు మలక్‌పేటకు వచ్చిన టైము రాస్తాను. పెద్ద స్టేషన్ బయట సిగ్నల్ దగ్గర ఎంతసేపు నిలబడిందో రాస్తాను. బేగంపేటలో దిగేటప్పుడు టైము చూసి, ఆలస్యం ఎన్ని నిమిషాలో చివరి గడిలో వేస్తాను. మొదట ఎవరికోసమూ రాయలేదు. సిగ్నల్ దగ్గర ఊరికే కూర్చోలేక రాశాను.

మాస్టర్ నన్ను రోజూ ఏడిపించేవాడు.

"క్యా లిక్తే భాయ్ రోజ్ రోజ్? ఇనామ్ మిల్తా క్యా?"

"ఇనామ్ కాదు మాస్టర్, లెక్క."

"లెక్క రాస్తే బండి జల్దీ వస్తదా? మా అమ్మీ గిట్లనే, దూద్‌వాలా రాని దినాలు గోడ మీద గీతలు గీసేది. గోడ నిండింది గానీ వాడు పాలల్ల నీళ్లు కలుపుడు మాన్లే."

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

నవ్వకుండా అడిగింది ఒక్క ఆమె. డబీర్‌పురాలో ఎక్కుతుంది. నలభై దాటి ఉంటాయి. హైటెక్ సిటీ దగ్గర ఒక ఆఫీసు బిల్డింగ్‌లో రెండు అంతస్తులు తుడిచే పని. ఒకరోజు నా పక్కన నిలబడి పుస్తకంలోకి వంగి చూసి అడిగింది.

"అన్నా, నువ్వు రాసేది ఎవలకన్న సూపిస్తే చెల్తదా?"

"ఎందుకు చెల్లె?"

అప్పుడు చెప్పింది. ఎనిమిదింటికి డ్యూటీ. గేటు దగ్గర మెషిన్ ముందు మొహం పెట్టాలి. ఎనిమిదీ పదిహేను దాకా పచ్చ లైటు, పదహారో నిమిషం నుంచి ఎర్రది. ఇదివరకు సూపర్‌వైజర్ రిజిస్టర్‌లో చేత్తో రాసేవాడట. ఎవరైనా పది నిమిషాలు ఆలస్యమైతే చూసీ చూడనట్టు పోనిచ్చేవాడట. మెషిన్‌కు అది తెలియదు. మూడు నెలల్లో ఐదు ఎర్ర మార్కుల వరకు ఊరుకుంటారు. ఐదు దాటితే కాంట్రాక్టరు పనిలోంచి తీసేస్తాడు. ఆ మూడు నెలల్లో ఆమెకు సరిగ్గా ఐదు పడ్డాయి.

"ముందు బండికి రారాదా?" అన్నాను.

"నల్లా ఆరింటికి వస్తది అన్నా. నేను ముందుగాల పోతే నీళ్లెవలు పడ్తరు? ఆయనను బకెట్ లేపొద్దన్నరు."

ఆమె భర్తకు రెండు కిడ్నీలూ పనిచేయవు. వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాల్లో రక్తం శుభ్రం చేయించాలి. పొద్దున్నే మరిది ఆటోలో తీసుకుపోతాడు. అది జరుగుతున్నది ఆమె ఉద్యోగం మీద వచ్చిన బీమా కార్డుతో. జీతం పోతే ఎలాగో బతుకుతాం అన్నా, కార్డు పోతే ఆయన బతకడు అని, రేషన్ షాపులో బియ్యం అయిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పింది.

నేను మనసులో లెక్క వేశాను. రైలు టైముకు నడిస్తే ఆమె ఏడూ నలభై అయిదుకు దిగుతుంది. పది నిమిషాలు నడక. అంటే రైలు ఇరవై నిమిషాల దాకా ఆలస్యమైనా ఆమెకు పచ్చ లైటే. ఇరవై దాటితే ఎర్రది. నా పుస్తకంలో ఇరవై దాటిన రోజులు తక్కువేమీ కాదు.

రైలు ఆలస్యమైందని రుజువు తెస్తే ఆ మార్కులు తీసేస్తామని సూపర్‌వైజర్ అన్నాడట. అందుకని ఇద్దరం ఒక సాయంత్రం టికెట్ కౌంటర్ దగ్గరకు వెళ్లాం. కౌంటర్‌లో ఉన్నాయన చెడ్డవాడేమీ కాదు. వెనక లైను లేదు కాబట్టి ఓపికగానే మాట్లాడాడు.

"లేట్ చీటీ ఈడ ఇయ్యం."

"మరి ఏడ ఇస్తరు సార్?"

"పెద్ద టేషన్‌ల అడుగుండ్రి."

"అడిగినం సార్. ఎక్కిన టేషన్‌ల అడుగుమన్నరు."

ఆయన నవ్వాడు. నేను మూడు గంటల నియమం సంగతి ఎత్తాను. పాసుల వాళ్లకు ఎందుకు వర్తించదని అడిగాను.

"పాస్ ఎంతకు కొన్నవ్? నెలకు ఎన్ని ట్రిప్పులు తిరుగుతవ్? భాగించి చూస్కో అన్నా. ఒక్క ట్రిప్పుకు అర చాయ్ కూడా రాదు. అండ్లకెంచి లేటుకు మళ్ల వాపస్ ఇయ్యమంటవా?"

నేను అక్కడే భాగించి చూశాను. ఆయన చెప్పింది నిజం. ఇరవై నిమిషాల ఆలస్యానికి మా పాసులో వచ్చే వాటా పైసల్లో ఉంటుంది. తీసుకున్నా దానితో ఏమీ కొనలేం. ఆ రోజు నాకు మొదటిసారి అనిపించింది, ఆలస్యం ఖరీదును టికెట్ ధరలోంచి లెక్కగట్టడమే తప్పేమోనని. అవే ఇరవై నిమిషాలు నాకు ఏమీ కావు. మా ప్రెస్ యజమాని ఎప్పుడూ గడియారం చూడడు. ఆమెకు అవి ఒక ఎర్ర మార్కు. ఆమెకు డబ్బు వాపసు అక్కర్లేదు, ముద్ర వేసిన ఒక కాగితం ముక్క కావాలి. అది ఏ నియమంలోనూ లేదు.

నా పుస్తకం చూపించాను. ఆయన నాలుగు పేజీలు తిప్పాడు.

"మంచిగ రాసినవ్. గని నీ బుక్కు నువ్వే రాసుకుంటివి. రేపు నేను గూడ ఒక బుక్కు రాస్తా, బండి దినాం టైముకే వచ్చిందని. ఎవల్ది నమ్మాలె?"

ఈ మాట కూడా నాకు న్యాయంగానే తోచింది. నా తప్పు ఇక్కడ మొదలైంది.

మర్నాడు పుస్తకంలో కొత్త గడులు గీశాను. ఎడమ పేజీలో నిమిషాలు, కుడి పేజీలో సాక్షుల సంతకాలు. డబ్బాలో మా వాళ్లు పదకొండుమందికి ఒక్కొక్కరికి ఒక నిలువు గడి. ఎవరు ఆ రోజు రైల్లో ఉంటే వాళ్లు తమ గడిలో సంతకం చేయాలి. లేనివాళ్లది ఖాళీ. ప్రెస్‌లో ప్రూఫ్ మీద చూసినవాడు సంతకం చేసే పద్ధతి ఉంది. చూడనివాడు చేయకూడదు. అదే పద్ధతి ఇక్కడా పెట్టాను. పదకొండుమంది చూసిందాన్ని ఎవరూ కాదనలేరని నా ధీమా.

అందరూ సరదాగా సంతకాలు చేశారు. మాస్టర్ ఉర్దూలో కుడి నుంచి ఎడమకు గీసి, "నా దస్తఖత్ చూసి సిగ్నల్ భయపడ్తది" అన్నాడు. ఆమె మాత్రం రైలు కదలక ముందే రాయాలని చూసేది. కదిలితే అక్షరాలు వంకర పోతాయని భయం. మలక్‌పేటలో నేను ఎక్కగానే పుస్తకం అందుకుని, గోడకు ఆనించి, పేరు మొత్తం కూడబలుక్కుని రాసేది.

తర్వాతి మూడు నెలలు వానలు. డెబ్బై ఆరు పనిరోజుల్లో ఆలస్యం మొత్తం వెయ్యిన్నూట నలభై నిమిషాలు తేలింది. పందొమ్మిది గంటలు. అది ఒకే రోజు ఒకే రైలుకు జరిగి, అది టికెట్ కొన్న రైలై, దాన్ని ఎక్కకుండా ఉంటే డబ్బు తిరిగి వచ్చేది. మాకు అది రోజుకు పది, పద్దెనిమిది, ముప్పై నిమిషాల చొప్పున చిల్లరగా వచ్చింది. చిల్లరను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇక ఎక్కకుండా ఉండడమన్నది పనికి పోయేవాడికి ఎలా కుదురుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ లెక్క పెట్టి పై ఆఫీసుకు ఒక దరఖాస్తు పంపాను. రెండే అడిగాను. ఆలస్యమైన గంటలను కూడి, ఆ మేరకు పాస్ గడువు పొడిగించాలి. ఇరవై నిమిషాలు దాటిన రోజు దిగిన స్టేషన్‌లో అడిగినవాళ్లకు ఆలస్యపు చీటీ ఇవ్వాలి. పదకొండుమందిమీ సంతకాలు పెట్టాం. అయిదు వారాలకు జవాబు వచ్చింది. పాస్ తగ్గింపు ధరకు ఇచ్చినది కాబట్టి పరిహారం వర్తించదని మొదటి పేరాలో ఉంది. నేను చెప్పిన తేదీల్లో ఎక్కువ రోజులు రైలు గమ్యానికి సకాలంలోనే చేరిందని రెండో పేరాలో ఉంది.

అబద్ధం రాశారనుకున్నాను. టైంటేబుల్ ముందు పెట్టుకుని కూర్చున్నాక తెలిసింది. చివరి రెండు స్టేషన్ల మధ్య దూరానికి వచ్చేటప్పుడు ఇచ్చిన టైము అయిదు నిమిషాలు. అదే దూరానికి పోయేటప్పుడు ఇచ్చింది పదిహేడు. మధ్యలో పోగొట్టుకున్నదంతా రైలు చివర్లో సర్దుకుంటుంది. రికార్డు చూసేది చివరి స్టేషన్‌లోనే. మా డబ్బాలో చివరి స్టేషన్ దాకా పోయేవాళ్లు ఒక్కరూ లేరు. నేను బేగంపేటలో లెక్కపెట్టాను, వాళ్లు చివర్లో లెక్కపెట్టారు. రెండు లెక్కలూ సరైనవే.

ఆ జవాబు వచ్చిన వారంలోనే ఆమెకు కాంట్రాక్టర్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మూడు నెలల్లో పదిహేడు ఎర్ర మార్కులు. మంగళవారం పదకొండింటికి రుజువులతో రావాలని ఉంది.

"పదిహేడూ బండి వల్లనే అని చూపెడ్దాం," అన్నాను. ఆ మాట అన్నప్పుడు పుస్తకం తీసి చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ప్రార్థన ముగించుకుని మా ఇంటికి వచ్చింది. నా భార్య చాయ్ పెట్టింది. ముగ్గురం కింద కూర్చుని ఆమె మార్కుల తేదీలూ నా పుస్తకంలోని తేదీలూ కలిపి చూశాం. పదిహేడు రోజులూ రైలు ఇరవై నిమిషాలు దాటి ఆలస్యమే. నాకు ప్రాణం లేచి వచ్చింది. తర్వాత కుడి పేజీ వైపు చూశాను. పదకొండు రోజులకు ఆమె సంతకం ఉంది. ఆరు రోజులు ఖాళీ.

ఆమె కూడా చూసింది.

"రెండు దినాలు వచ్చిన అన్నా. మీ డబ్బ కాడ కాలు పెట్టనీకె జాగ లేకుండె. లేడీస్ డబ్బల ఎక్కిన."

"కడమ నాలుగు?"

"ఆయనను నేనే దవాఖానకు తీస్కపోయిన. వాన పడ్తే మరిదికి గిరాకీ మస్తుంటది, ఫోన్ ఎత్తడు. అటు నుంచి అటే బస్సుల పోయిన."

వాన రోజులు కాబట్టే రైలూ ఆలస్యమైంది, మరిదీ రాలేదు, డబ్బా కూడా కిక్కిరిసింది. లెక్క తెలిసినవాణ్ణి, అప్పటిదాకా ఆ మూడింటినీ కలిపి చూడలేదు.

"బండైతే లేటే గదా అన్నా. నేను ఎక్కినా లేటే అయితుంటి."

"అవును."

"మరి ఇప్పుడు పెట్టనా? పెన్ను గదే. ఎవలకు తెలుస్తది?"

"మనకు తెలుస్తది గదా చెల్లె."

ఆమె పుస్తకం మూసింది. నా భార్య గ్లాసులు తీయబోయి ఆగింది.

"ఆరు వద్దు. ఒక్కటి పెట్టనీ," అంది నాతో. "లేడీస్ డబ్బల వచ్చిన దినం. అది అబద్ధం గాదు గదా. ఐదుంటే ఊకుంటరన్నరు గదా."

నేను వద్దన్నాను. సాక్షి అంటే చూసినవాడని, ఆ రెండు రోజులు ఆమెను నేను చూడలేదని చెప్పాను. ఒక్క గడిలో ఇంకు తేడాగా కనిపిస్తే మిగిలిన పదకొండు రోజులనూ నమ్మరని చెప్పాను. రెండో కారణం నిజమే, భయం కూడా నిజమే. అయితే నోట్లోంచి ముందు వచ్చింది మొదటి కారణం. పుస్తకం చెడిపోతుందన్న బాధ ఆమె గురించిన భయం కన్నా ముందు వచ్చిందేమోనని నాకు అనుమానం. దాన్ని లెక్కతో తేల్చలేకపోయాను.

"ఆఫీసుల నేను చెప్తా," అన్నాను. "రైలు లేటే గదా. మాటతోని చెప్తా."

"నీ ఇష్టం అన్నా," అంది. చాయ్ సగం వదిలేసి లేచింది.

మంగళవారం నేను బేగంపేటలో దిగలేదు. ఆమెతో పాటు హైటెక్ సిటీ దాకా వెళ్లి, పదకొండయ్యే దాకా గేటు బయట కూర్చున్నాను. కాంట్రాక్టర్ ఆఫీసు ఆ బిల్డింగ్ కింద, కార్లు నిలిపే చోటు పక్కన ఉంది. ముప్పై ఏళ్లు కూడా లేని అబ్బాయి కంప్యూటర్ ముందు ఉన్నాడు. మమ్మల్ని కూర్చోమన్నాడు, నీళ్లు ఇప్పించాడు. పుస్తకం అందుకుని పేజీలన్నీ చూశాడు.

"చాలా నీట్‌గ మెయింటేన్ చేసిన్రు అంకుల్. మా దగ్గర గూడ ఎవ్వరు గిట్ల రాయరు."

ఒక్కొక్క తేదీ తన స్క్రీన్ మీద ఉన్నదానితో సరిచూస్తూ పోయాడు. ట్రెయిన్ లేట్, ఓకే. ట్రెయిన్ లేట్, ఓకే. నాలుగో తేదీ దగ్గర వేలు కుడి పేజీ మీదికి జరిగింది.

"ఇది మేడమ్ సైన్ కాలమా?"

"అవును."

"ఈ డేట్‌ల సైన్ లేదు."

తర్వాత ప్రతి తేదీకీ రెండు పేజీలూ చూశాడు. చివరికి పదకొండు మార్కులు తీసేశాడు. ఆరు మిగిలాయి.

ఆమె దవాఖాన చీటీలు బల్ల మీద పెట్టింది. "నాలుగు దినాలు ఆయనను తీస్కపోయిన సార్."

"అది లీవ్ అమ్మా. ముందుగాల చెప్పాలె. లేట్‌ల రాదు."

"రెండు దినాలు లేడీస్ డబ్బల వచ్చిన."

అతను నా వైపు తిరిగాడు. "మీరు చూసిన్రా అంకుల్?"

ఆమె నా వైపు చూడలేదు. బల్ల మీది చీటీలు సర్దుతూ ఉంది. ఆరులోంచి ఒకటి పోతే ఐదు. ఐదయితే ఉద్యోగం ఉంటుంది. ఇది నాకు తెలుసు, గుణించాల్సిన పని కూడా లేదు.

"చూడలేదు," అన్నాను. "గని ఆమె అబద్ధం చెప్పదు."

"నేను అట్ల అంటలేను అంకుల్."

"దవాఖానకు పోయిన ఆ నాలుగు రోజులు రైలెక్కినా ఆమెకు లేటే అయితుండె. నిమిషాలు చూడుండ్రి. ఇరవై రెండు, ఇరవై ఆరు, ముప్పై ఒకటి, ముప్పై ఎనిమిది."

"ఎక్కితే గదా. ట్రెయిన్‌ల వచ్చి లేట్ అయితే కన్సిడర్ చేయమన్నరు. రాకుంటే ట్రెయిన్‌కు ఏం సంబంధం?"

అక్కడ రైలు ఎక్కకుండా ఉంటేనే పరిహారం. ఇక్కడ ఎక్కి ఉంటేనే మన్నింపు. రెండు నియమాల మధ్య ఆమె కూర్చుని ఉంది.

అబ్బాయి పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. కాస్త ఇబ్బందిగానే అన్నాడు.

"నిజం చెప్పాల్నంటే అంకుల్, సైన్‌లు మేము అడగలే. మినిట్స్ ఉంటే చాలుండె. ఇప్పుడు చూసినంక చూడలే అనలేను. ఇది మీదికి పోతది, ఆడిట్ ఉంటది."

ఆ నెలాఖరుతో ఆమె పని అయిపోయింది.

బయటికి వచ్చాక నేను ఏదో అనబోయాను. ఆమె ముందే అంది.

"పో అన్నా, నీకు డ్యూటీకి టైమ్ అయితుంది."

ఆ రోజు నేను ప్రెస్‌కు నాలుగున్నర గంటలు ఆలస్యంగా వెళ్లాను. యజమాని తల ఎత్తి, "అన్నం తిన్నవా?" అని మాత్రం అడిగాడు.

మాస్టర్‌కు సంగతి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. అంతా విన్నాడు. కిటికీ బయటికి చూస్తూ, "ఏక్ దస్తఖత్ భాయ్. ఏక్," అన్నాడు. తిట్టలేదు. ఇప్పటికీ నాకోసం సీటు మీద సంచి పెడతాడు. ఇవాళ ఎన్ని నిమిషాలు అని మాత్రం అడగడు. సంతకాలు ఆగిపోయాయి. ఆపమని నేను చెప్పలేదు. పుస్తకం ముందుకు చాపితే పక్కవాడు మర్యాదగా ఫోన్ వైపు చూసుకున్నాడు. అందులో సంతకం చేయడమంటే తమ గైర్హాజరు తామే రాసిపెట్టుకోవడమని అందరికీ అర్థమైపోయింది. నాకన్నా ముందే అర్థమై ఉంటుంది.

నేను ఆ పుస్తకంలో ఒక్క అంకె తప్పు రాయలేదు. కాంట్రాక్టర్ అబ్బాయి నియమం తప్పలేదు. కౌంటర్ ఆయన చెప్పిన భాగహారం సరైనది. పై ఆఫీసు జవాబులో కూడా అబద్ధం లేదు. ఎవరి కాగితం వాళ్లది సరిపోయింది. వెయ్యిన్నూట నలభై నిమిషాలు మా పదకొండుమందికీ సమానంగా పోయాయి. వాటి భారం ఒక్క మనిషి మీద పడింది. దాన్ని ఎవరు మోయాలన్న నియమం లేనప్పుడు అది కిందికి జారుతూ పోయి, ఇక జారడానికి చోటు లేని మనిషి దగ్గర ఆగుతుంది. ఇది నేను దరఖాస్తులో రాయలేదు. అప్పటికి నాకు తెలియదు.

నెలన్నర తర్వాత ఆమె ఫోన్ చేసింది. ఒకసారి ఇంటికి రమ్మంది. తిట్టడానికేమో అనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. డబీర్‌పురా పట్టాల పక్క గల్లీలో రెండు గదులు. మంచం మీద ఆయన కూర్చుని ఉన్నాడు. కాళ్లు వాచి ఉన్నాయి. ఆమె ఇప్పుడు మలక్‌పేటలో మూడు ఇళ్లల్లో వంట చేస్తోంది. జీతం మునుపటికి దగ్గరగానే వస్తోందట. కార్డు మాత్రం లేదు.

"లేదు గాదు, ఇంక కొన్ని దినాలు నడుస్తదంట," అని ఒక కాగితం ఇచ్చింది. పని పోయినా, కట్టిన చందాను బట్టి కార్డు ఫలానా తేదీ దాకా చెల్లుతుందని అందులో ఉంది. "ఆ తారీఖు దాకా రక్తం ఎన్నిసార్లు కడుగుతరో లెక్క చెప్పు అన్నా. సర్కారు దవాఖానల పేరు రాయించినం. ఆడ నంబర్ వచ్చేటాల్లకు ఎన్ని దినాలు పడ్తదో తెల్వదంటున్నరు. వచ్చినా వారానికి రెండే అంటున్నరు."

గోడకు ఉన్న క్యాలెండర్ తీసి ఒళ్లో పెట్టుకున్నాను. సోమ, బుధ, శుక్రవారాలు లెక్కపెట్టాను.

"ముప్పై నాలుగు."

ఆయన నవ్వాడు. "ముప్పై నాలుగు బాల్స్ మిగిలినయంటే క్రికెట్‌ల మ్యాచ్ గెల్వచ్చు."

"నువ్వు ఊకో," అంది ఆమె. నా పక్కన కూర్చుని క్యాలెండర్ వైపు చూసింది. చివరి తేదీ గురువారం పడింది. ఆ పక్క శుక్రవారం గడి మీద వేలు పెట్టింది.

"ఇది రాదా అన్నా? ఒక్కటే దినం ఫరక్. జర మంచిగ చూడు."

కాగితం మళ్లీ చదివాను. తేదీ స్పష్టంగా అచ్చయి ఉంది. క్యాలెండర్ ఈ నెల పేజీకి తిప్పి, వేలు పెట్టి, ఒక్కొక్క వారం మళ్లీ లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఆమె నా వేలి వెంట చూస్తూ పెదాలతో తనూ లెక్కపెట్టింది. చివరి బుధవారం దగ్గర ఇద్దరం ఆగాం.

"ముప్పై నాలుగే చెల్లె," అన్నాను.